మన ఇంటి కప్పు – నాలుగో పాఠం: మరమ్మతు సరిపోతుందా, స్లాబే మార్చాలా?

కిందటి పాఠంలో నీళ్లు ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో పట్టుకోవడం నేర్చుకున్నాం. చెమ్మ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి, రెండు వానల తర్వాత మళ్లీ చూడమన్నాను. ఆ గీతలు చెరపకండి, ఈ పాఠంలో వాటితో పని ఉంది.

ముందుగా ఒక అపోహ వదిలించుకోవాలి. ఇల్లు ఉరిస్తే కప్పు పాడైందనీ, ఉరవకపోతే బాగుందనీ చాలామంది అనుకుంటారు. ముప్పై ఏళ్లుగా చెన్నైలో ఇళ్ల పనులు చూస్తున్నాను. ధారగా కారుతూ కూడా గట్టిగా ఉన్న స్లాబులు చూశాను. చుక్క కారకుండా లోపల పూర్తిగా తినేసిన స్లాబులూ చూశాను. కప్పు మార్చాలా వద్దా అన్నది తేల్చేది నీళ్లు కాదు, స్లాబు లోపలి ఇనుము.

మా పిన్ని వాళ్లది వెస్ట్ మాంబళంలో 1978లో కట్టిన ఇల్లు. 2015 డిసెంబరు వానలకి హాలు ఉరిసింది. ఆ తర్వాత మేడ మీద వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించారు, కారడం ఆగింది. మొన్న జనవరిలో భోజనానికి వెళ్లి హాల్లో కూర్చుంటే, ఫ్యాను హుక్కు పక్కన తెల్లటి సున్నం మీద సన్నటి గోధుమరంగు గీత కనిపించింది. జానెడు దూరంలో ఇంకోటి, దాని పక్కన మరోటి, స్కేలు పెట్టి గీసినట్టు. "చినుకు కూడా కారట్లేదురా, ఇప్పుడు కప్పు జోలికి పోవడం ఎందుకు?" అంది పిన్ని. స్టూలెక్కి చీపురు కర్రతో తట్టాను. డబడబమంది.

ఆ గీతల వెనక జరిగేది ఇది. కాంక్రీటు సహజంగా క్షార గుణం ఉన్న పదార్థం. ఆ క్షారం ఉన్నంతకాలం లోపలి రాడ్డుకి తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి ఇంకి ఆ క్షారాన్ని చంపేస్తుంది. అది రాడ్డు దాకా చేరిన రోజు నుంచి, కాస్త చెమ్మ తగిలితే చాలు, తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. అందుకే కాంక్రీటు లోపలి నుంచి చీలి, పెచ్చులు ఊడతాయి.

చెన్నైకి ఇంకో బాధ ఉంది, ఉప్పు. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి చోట్ల సముద్రపు గాలి మోసుకొస్తుంది. ఊళ్లో లోపలికి ఉన్న కొన్ని ఇళ్లలో ఉప్పుబోరు నీళ్లతో కాంక్రీటు కలపడం వల్ల పుట్టుకతోనే వచ్చింది. కాంక్రీటు పనులకి మన దేశంలో పాటించే ఐఎస్ 456 కోడ్ ప్రకారం స్లాబుకి కలిపే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు ఉన్న చోట క్షారం బతికి ఉన్నా తుప్పు ఆగదు.

ఇక సాధన. మొదటిది చెవితో. కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూస్తాం కదా, ఇదీ అలాంటిదే. చిన్న సుత్తి గానీ, గట్టి కర్ర గానీ తీసుకుని సీలింగ్‌ని అడుగడుగునా మెల్లగా తట్టండి. కళ్లద్దాలు పెట్టుకోండి, తట్టే చోటికి సరిగ్గా కింద నిలబడకండి. గట్టి స్లాబు ఠంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. గళ్ల కాగితం మీద గది పటం వేసి, ఒక గడి ఒక చదరపు అడుగు అనుకుని, డొల్ల పలికిన గడులు నింపండి. 12 అడుగులు, 10 అడుగుల గదికి 120 గడులు. ఒక్కోసారి పైపూత మాత్రమే విడిపోయి డొల్ల పలుకుతుంది. అనుమానం ఉన్నచోట మేస్త్రీ చేత అరచేతి వెడల్పున పూత గీకించి, అసలు కాంక్రీటు మీద మళ్లీ తట్టి చూడాలి.

రెండోది కంటితో. పగుళ్లన్నీ ఒకటి కావు. సాలెగూడులా అల్లుకున్న సన్న నెర్రెలు పూతవి, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. పై అంతస్తులో గోడకీ స్లాబుకీ మధ్య అడ్డంగా వచ్చే పగులు చూసి చాలామంది హడలిపోతారు. అది ఎండకి స్లాబు సాగి, రాత్రికి ముడుచుకోవడం వల్ల వచ్చేది. మన మే నెల ఎండకి అది రాని ఇళ్లు తక్కువ. దానికోసం కప్పు మార్చనక్కర్లేదు. భయపడాల్సినవి పిన్ని హాల్లో కనిపించిన లాంటివి, సమాన దూరంలో, ఒకదానికొకటి సమాంతరంగా, గోధుమ చారతో వచ్చేవి. అవి రాడ్ల వెంట పుట్టిన పగుళ్లు. తెల్లటి ఉప్పు పొంగు కనిపిస్తే అక్కడ నీళ్లు తిరుగుతున్నాయని అర్థం. పోయిన పాఠంలో గీసిన గీత దాటి చెమ్మ పెరిగిందా, ఆ చెమ్మ ఈ గోధుమ చారల మీదుగానే పోతోందా, రెండూ రాసుకోండి.

మూడోది కొలతతో. నిర్ణయం ఎక్కువగా ఇక్కడే తేలుతుంది కాబట్టి నిదానంగా చదవండి. పెచ్చు ఊడి రాడ్డు (చెన్నైలో కంబి అంటారు) బయటపడిన చోట, ముందు వైరు బ్రష్షుతో తుప్పంతా రాలిపోయేదాకా రుద్దాలి. రుద్దకుండా కొలిస్తే తుప్పుతో ఉబ్బిన రాడ్డు అసలు కంటే లావుగా కనిపించి మోసం చేస్తుంది. తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో మూడు చోట్ల కొలవండి. పిన్ని హాల్లో వేసింది 10 మిల్లీమీటర్ల నున్నటి గుండ్రటి రాడ్డు. రుద్దాక ఒకచోట 9, ఒకచోట 8, ఫ్యాను హుక్కు దగ్గర ఏడున్నర వచ్చింది. "పదికి ఏడున్నరంటే ముప్పాతిక ఉన్నట్టేగా" అన్నాడు బాబాయి. కాదు. బరువు మోసేది రాడ్డు అడ్డుకోత వైశాల్యం, అది వ్యాసానికి వర్గంగా మారుతుంది. ఏడున్నర ఏడున్నరలు 56 చిల్లర, పది పదులు వంద. అంటే మిగిలింది 56 శాతమే. 9 ఉన్నచోట 81 శాతం, 8 ఉన్నచోట 64. ఈ లెక్క ఒక్కటి చేతికి వస్తే ఏ కాంట్రాక్టరూ మిమ్మల్ని అనవసరంగా భయపెట్టలేడు, అనవసరంగా ధైర్యమూ చెప్పలేడు.

రాడ్డు వైశాల్యంలో పాతిక శాతం లోపు తరుగుదల, అదీ అక్కడక్కడా మాత్రమే ఉంటే, శుభ్రం చేసి, పక్కన కొత్త రాడ్డు జోడించి, కాంక్రీటు మరమ్మతు చేస్తే సరిపోతుంది. గది పొడవునా అంతకు మించి తగ్గితే మరమ్మతు మీద డబ్బు పోయడం నాకు ఇష్టం ఉండదు.

రాడ్డు ఎంత లోతులో ఉందో కూడా కొలిచి రాసుకోండి. కొత్త స్లాబుకి ఐఎస్ 456 అడిగే కవరు, అంటే రాడ్డుని కప్పి ఉంచే కాంక్రీటు మందం, మామూలు పరిస్థితుల్లో 20 మిల్లీమీటర్లు, ఉప్పుగాలి నేరుగా తగలని తీరప్రాంతంలో 30, తీరంలోనే అయితే 45. పిన్ని వాళ్ల హాల్లో 8 ఉంది. కట్టేటప్పుడు రాడ్లని ఎత్తి పట్టే కవర్ బ్లాకులు కింద పెట్టకుండా సెంట్రింగ్ మీదే పరిచేశారు. అలాంటి స్లాబులో తుప్పు ఒక మూలతో ఆగదు.

నాలుగోది దారంతో. గది పొట్టి వైపు గోడ నుంచి గోడకి, సీలింగ్ కింద నూలు దారం బిగించాలి. రెండు చివర్లా సీలింగ్‌కీ దారానికీ మధ్య ఒకే కొలత, 5 సెంటీమీటర్ల చెక్కముక్కలు పెట్టండి. మధ్యలో ఖాళీ కొలవండి. 5 ఉంటే స్లాబు తిన్నగా ఉంది. మూడున్నరే ఉంటే ఒకటిన్నర సెంటీమీటరు కుంగింది. కోడ్ ఒప్పుకునే కుంగుబాటు పొడవులో 250వ వంతు, అంటే 12 అడుగులకి దాదాపు 15 మిల్లీమీటర్లు. పూత ఎగుడుదిగుడు వల్ల ఒక్క కొలతని నమ్మొద్దు, మూడు చోట్ల దారం కట్టండి. నెల తర్వాత మళ్లీ కొలిస్తే పెరిగిందంటే, ఇక ఆలోచించకుండా కింద సరుగుడు బాదులు గానీ జాకీలు గానీ పెట్టించి ఇంజనీరుని పిలవండి.

ఇప్పుడు మేడ మీదకి వెళ్దాం. కారిన ప్రతిసారీ పాత టైల్సు తీయకుండా వాటి మీదే సిమెంటు పరిచి కొత్త టైల్సు వేసేస్తుంటారు. రెండంగుళాల పొర చదరపు మీటరుకి దాదాపు 100 కిలోలు. 600 చదరపు అడుగుల మేడ మీద అది ఐదున్నర టన్నులు. మనుషులు తిరిగే మేడకి డిజైన్‌లో లెక్కవేసే అదనపు బరువే చదరపు మీటరుకి 150 కిలోలు. అందులో మూడింట రెండు వంతులు టైల్సే తినేస్తే, తుప్పు పట్టిన స్లాబు మీద ఇంకేం మిగులుతుంది? మీ మేడ మీద ఎన్ని పొరలున్నాయో పిట్టగోడ ఎత్తు చూస్తే తెలిసిపోతుంది. మోకాలి దాకా దిగిపోయిన పిట్టగోడ కింద రెండు మూడు పొరలు ఉన్నట్టే.

బాల్కనీకీ సన్‌షేడ్‌కీ మాత్రం పై పాఠం తలకిందులు చేసుకోవాలి. ఒకవైపు మాత్రమే ఆనుకుని నిలిచే స్లాబులో ప్రధాన రాడ్లు పైభాగాన ఉంటాయి. కాబట్టి కింద నుంచి చూసి బాగుందనుకోకండి. పైన, గోడకి అతుక్కునే చోట గోడ వెంబడి పగులు ఉందా చూడండి. ఉంటే, ముందు వైపుకి కాస్త వాలినట్టు కూడా అనిపిస్తే, పిల్లల్ని దాని మీదకీ కిందకీ పోనివ్వకండి. ఇది వారం ఆగి చూసే విషయం కాదు.

ట్రిప్లికేన్, మైలాపూరు, షావుకారుపేట పాత ఇళ్లలో స్లాబే ఉండదు. అది మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆపైన పలకలు పరిచిన కప్పు. వీటిని చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అందుకే ఇవి కారితే కూల్చేయమని చెప్పేవాళ్ల మాట వెంటనే వినకండి. చూడాల్సింది దూలం కొసలు. గోడలో దూరిన చోట గాలి ఆడదు, చెమ్మ చేరుతుంది, చెద ముందుగా అక్కడే పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గట్టిగా ఆపితే బతికి ఉన్నట్టు, అర అంగుళం మెత్తగా దిగితే పోయినట్టు. ఒకటి రెండు దూలాలు పోతే వాటినే మార్చవచ్చు. సగానికి పైగా పోతే, లేదా దూలాల మధ్య ఇటుకలు జారుతుంటే, అప్పుడు కప్పు మార్చే మాట. వీటి మీద సిమెంటు మాత్రం పూయించకండి. సున్నం వదిలే చెమ్మ బయటికి పోలేక దూలాన్ని కుళ్లబెడుతుంది.

మీ గళ్ల పటంలో పదో వంతు లోపు డొల్ల ఉంటే మరమ్మతు. మూడో వంతు దాటితే, రాడ్లు కూడా తరిగి ఉంటే, మార్చే ఆలోచన మొదలుపెట్టాలి. ఇది కోడ్ పుస్తకంలోని లెక్క కాదు, పని చేస్తూ నేను పెట్టుకున్న గీత. ఒకసారి మరమ్మతు చేసిన చోటి పక్కనే రెండు మూడేళ్లలో మళ్లీ పెచ్చులు లేస్తే, ఆ గీత ఇంకా కిందికి దించుతాను. ఉప్పు చేరిన కాంక్రీటులో కొత్త మాటు వేసినప్పుడు, దాని అంచున ఉన్న పాత రాడ్డు ఇంకా వేగంగా తుప్పు పడుతుంది. పిన్ని ఇంట్లో అదే జరిగింది. రెండేళ్ల కిందట ఒక కాంట్రాక్టరు తుప్పు తీయకుండానే పైన పూత మెత్తి, రంగు వేసి వెళ్లిపోయాడు.

మన కొలతలు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో జ్వరం చూసుకోవడం లాంటివి. చివరి మాట స్ట్రక్చరల్ ఇంజనీరుది. ఆయన చేయించే పరీక్షల్లో ఒకటి తెలుసుకోండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. అదే సూత్రంతో, అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ ద్రవం చల్లుతారు. క్షారం బతికి ఉన్నచోట ముదురు గులాబీ రంగు వస్తుంది, చచ్చినచోట రంగే రాదు. పిన్ని హాల్లో సీలింగ్ వైపు నుంచి లోపలికి 25 మిల్లీమీటర్ల దాకా రంగు రాలేదు. రాడ్డు ఉన్నది 8 దగ్గర. ఆ తెల్లటి ముక్క చేతిలో పట్టుకుని పిన్ని చాలాసేపు చూసింది, ఇంక "ఎందుకురా" అనలేదు. ఇంజనీరు హాఫ్‌సెల్ పరీక్ష (రాడ్డు వోల్టేజీ కొలిచి తుప్పు పసిగట్టేది) కూడా చేయించారు. అందులో మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే తుప్పు నడుస్తోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం ఉన్నట్టు. హాలు, ముందు గది స్లాబులు మార్చాలని తేలింది. వంటింట్లో డొల్ల గడులు 80లో నాలుగే, రాడ్డు 9 పైనే ఉంది. అక్కడ మరమ్మతుతో సరిపెట్టారు. ఇల్లంతా కూల్చాలని భయపడిన బాబాయి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

వచ్చే పాఠానికి ఈ పని చేసుకురండి. మీ ఇంట్లో అన్నిటికంటే పాత గది ఒకటి ఎంచుకుని, గళ్ల పటం, మూడు దారం కొలతలు, రాడ్డు బయటపడి ఉంటే దాని లావు మూడు చోట్ల, మేడ మీద పొరల లెక్క, అన్నీ ఒకే కాగితం మీద తేదీతో రాయండి. కార్తీక మాసం వానలు మొదలయ్యేలోపు ఒకసారి, వానలు వెలిశాక జనవరిలో ఇంకోసారి. ఐదో పాఠంలో ఆ కాగితం ముందు పెట్టుకుని కాంట్రాక్టరు ఇచ్చే ఎస్టిమేట్‌ని వరసగా చదువుదాం. ఈలోగా డొల్ల పలికిన చోటి కింద మంచం ఉంటే ఈ రాత్రికే పక్కకి జరపండి.