ఓఎస్‌పీఎఫ్‌లో రూట్ సమ్మరీ, డీఫాల్ట్ రూట్ ఎలా పెట్టాలి

ఓఎస్‌పీఎఫ్ అంటే రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకునే ప్రోటోకాల్, అది నడిచే నెట్‌వర్క్‌ని ఏరియాలుగా విడగొడతారు. ఏదో మూల బ్రాంచిలో ఒక లింకు పడుతూ లేస్తూ ఉంటే మిగతా ఏరియాల్లో రౌటర్లకి దాంతో పనేంటి అనిపిస్తుంది కదా, కానీ పని ఉంటుంది, ఎందుకంటే ఏరియా 1లో ఒక /24 (256 అడ్రసుల నెట్‌వర్క్) పోయి వచ్చిన ప్రతిసారీ ఏబీఆర్ (రెండు ఏరియాల సరిహద్దులో ఉండే రౌటర్) టైప్ 3 ఎల్‌ఎస్‌ఏని (ఒక ఏరియా నెట్‌వర్కుల గురించి మిగతా ఏరియాలకి చెప్పే సందేశాన్ని) మళ్ళీ మార్చి పంపుతుంది, అది బ్యాక్‌బోన్ (ఏరియాలన్నిటినీ కలిపే ఏరియా 0) మీదుగా అందరికీ పాకుతుంది. సమ్మరీ పెడితే, అంటే చాలా రూట్లని కలిపి ఒక్కటిగా చెబితే, ఆ గోల ఏరియా గడప దాటదు. రౌటింగ్ టేబుల్ చిన్నదవడం కూడా లాభమే గానీ నా దృష్టిలో అసలు లాభం ఇదే.

ముందు అడ్రసులు చూసుకోండి. 10.1.0.0 నుంచి 10.1.7.0 దాకా ఎనిమిది /24లు ఒకే ఏరియాలో ఉంటే 10.1.0.0/21 అని ఒక్కటే చెప్పొచ్చు. అదే 10.1.4.0 నుంచి 10.1.11.0 దాకా ఉంటే, అవీ ఎనిమిదే, కానీ ఒక్కదాంట్లో ఇమడవు, 10.1.4.0/22, 10.1.8.0/22 అని రెండు రాయాలి. మొదటి నంబరు 8తో భాగించబడాలి, అదీ కిటుకు. అడ్రసులు ఏరియాలకి అడ్డదిడ్డంగా పంచేసుంటే ఏ కమాండూ కాపాడదు, అందుకే ఐపీ ప్లాన్ వేసే రోజే దీని గురించి ఆలోచించాలి.

సిస్కోలో అయితే ఏబీఆర్ మీద, రౌటర్ ఓఎస్‌పీఎఫ్ కింద, ఏరియా 1 రేంజ్ 10.1.0.0 255.255.248.0 అని కొట్టాలి. ఏరియా లోపలి రౌటర్ మీద ఇది పనిచెయ్యదు, ఒక ఏరియాలో అందరి డేటాబేసూ ఒకేలా ఉండాలి కాబట్టి మధ్యలో కుదించడం కుదరదు. బయటి నుంచి రీడిస్ట్రిబ్యూట్ చేసిన (వేరే ప్రోటోకాల్ నుంచి ఓఎస్‌పీఎఫ్‌లోకి తెచ్చిన) రూట్లకైతే, వాటిని తెచ్చే రౌటర్, అంటే ఏఎస్‌బీఆర్ మీద సమ్మరీ-అడ్రస్ కమాండ్.

ఏబీఆర్‌లు రెండుంటే రెండిటి మీదా పెట్టండి. నేనొకసారి ఒకదాని మీద పెట్టి రెండోది మర్చిపోయా, అది /24లనే పంపుతూ ఉంది, పొడవైన ప్రిఫిక్సే (/21 కంటే /24) గెలుస్తుంది కదా, ట్రాఫిక్ మొత్తం దాని మీదికే పోయింది, మొదటి ఏబీఆర్ ఖాళీగా కూర్చుంది, కారణం పట్టుకోడానికి సగం రోజు పట్టింది.

సమ్మరీ పెట్టగానే ఏబీఆర్ టేబుల్లో నల్0 (వచ్చిన ప్యాకెట్టుని పారేసే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) వైపు ఒక రూట్ కనిపిస్తుంది, కంగారుపడి తియ్యొద్దు. 10.1.5.0 పడిపోయిందనుకోండి, దానికొచ్చే ప్యాకెట్టు నల్0 లేకపోతే డీఫాల్ట్ రూట్ (వేరే రూట్ ఏదీ కలవనప్పుడు వాడే దారి) పట్టుకుని వెనక్కి కోర్‌కి పోతుంది, కోర్ సమ్మరీ చూసి మళ్ళీ ఇటే తోస్తుంది, టీటీఎల్ (ప్యాకెట్టు ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) అయిపోయేదాకా అలా తిరుగుతూనే ఉంటుంది.

ఇక డీఫాల్ట్ రూట్. ఇంటర్నెట్ వైపు రౌటర్‌లో డీఫాల్ట్-ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్ అని పెడితే, ఆ రౌటర్ టేబుల్లో డీఫాల్ట్ ఉంటేనే లోపలికి పంపుతుంది. చివర్లో ఆల్వేస్ చేరిస్తే ఉన్నా లేకపోయినా పంపుతుంది. రెండు ఐఎస్‌పీ లింకులు రెండు రౌటర్ల మీద ఉన్నచోట దయచేసి ఆల్వేస్ వాడకండి, ఒక లింకు చచ్చిపోయినా ఆ రౌటర్ నా దగ్గరికే రండి అంటూనే ఉంటుంది, వచ్చిన ట్రాఫిక్ దానికాడే ఆగిపోతుంది. స్టాటిక్ డీఫాల్ట్ వాడితే దాన్ని ఐపీ ఎస్‌ఎల్‌ఏ ట్రాక్‌కి (అవతలి వైపు అందుతోందో లేదో పింగ్‌లాంటి వాటితో చూస్తూ ఉండేది) కట్టండి, ఎందుకంటే ఇంటర్‌ఫేస్ అప్‌లో ఉండి అవతల ఐఎస్‌పీ లోపల పోయినా స్టాటిక్ మాత్రం కదలదు.

చిన్న బ్రాంచిలకి బయటి దారి ఒక్కటే ఉంటే ఆ ఏరియాని టోటల్లీ స్టబ్ (బయటి రూట్లేవీ లోపలికి రాకుండా డీఫాల్ట్ ఒక్కటే వచ్చే ఏరియా) చేసెయ్యండి: ఏబీఆర్ మీద ఏరియా 1 స్టబ్ నో-సమ్మరీ, లోపలి రౌటర్లన్నిటి మీదా ఉత్త ఏరియా 1 స్టబ్. డీఫాల్ట్‌ని ఏబీఆరే పంపుతుంది. ఒక్క రౌటర్‌కి స్టబ్ మర్చిపోయినా హలో (పక్కపక్క రౌటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సందేశం) కలవదు, నైబర్‌షిప్ పడిపోతుంది, కాబట్టి దూరం నుంచి చేసేటప్పుడు ముందు బ్రాంచి రౌటర్‌కి ఇంకో దారి, ఎల్‌టీఈ అయినా సరే, చూసుకుని మొదలుపెట్టండి.