ఎస్‌డీటీఎం స్వయంశిక్షణ, 7వ భాగం: కాలమ్ లేని సమాధానానికి చోటు ఎక్కడ?

ఎస్‌డీటీఎం అంటే మందుల అధ్యయనాల డేటాను పట్టికలుగా అమర్చే ప్రమాణం. గత భాగంలో ప్రతికూల ఘటనల (ఏఈ) డేటాసెట్, అంటే మందు వాడేటప్పుడు తలెత్తిన ఆరోగ్య సమస్యల పట్టిక, కట్టాం. దాన్ని తెరిచి పెట్టుకోండి, ఈరోజు పనంతా దానితోనే. ప్రతి వ్యక్తి వివరాలు రాసే కేసు రికార్డు పత్రంలో (సీఆర్ఎఫ్) ఉన్న ఒక ప్రశ్నను అప్పుడు కావాలనే పక్కన పెట్టాను.

మన ఊహా అధ్యయనం రక్తపోటు మాత్ర మీద కదా. విశాఖ కేంద్రంలో పేరు నమోదు చేసుకున్నవారిలో చాలామంది గాజువాక వైపు ఉండే స్టీల్ ప్లాంటు కార్మికులు అనుకుందాం. అందుకని అక్కడి పరిశోధకులు ఒక ప్రశ్న అదనంగా చేర్చారు: ఘటన మొదలైన రోజు మీది ఏ షిఫ్టు, ఎ, బి, సి? మంచి ప్రశ్నే. రాత్రి డ్యూటీకి, నిద్రకు, రక్తపోటుకు సంబంధం ఉంది. చిక్కల్లా ఏఈ డేటాసెట్‌లో షిఫ్టుకు కాలమ్ లేకపోవడమే.

కాలమ్ లేకపోతే మనమే ఒకటి చేర్చుకోవచ్చు కదా అనిపిస్తుంది. చేర్చకూడదు. సీడిస్క్ సంస్థ ఈ ప్రమాణాన్ని తయారుచేసిందే ఏ కంపెనీ డేటా అయినా ఒకే ఆకారంలో ఉండాలని. 2016 డిసెంబర్ 17 తర్వాత మొదలైన అధ్యయనాలను కొత్త మందు దరఖాస్తుతో పంపేటప్పుడు ఈ ఆకారంలోనే ఇవ్వాలని అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన. సమీక్షకుల ప్రోగ్రాములు తెలిసిన కాలమ్‌ల కోసమే వెతుకుతాయి. అలాగని సేకరించిన సమాధానాన్ని పారేయడానికీ వీల్లేదు.

ఈ ఇరకాటం కోసమే అనుబంధ డేటాసెట్ ఉంది. దాని పేరు మాతృ డేటాసెట్ పేరుకు ముందు సప్ చేర్చితే వస్తుంది: ఏఈకి సప్ఏఈ, వయసు, లింగం లాంటి వివరాలుండే డీఎంకి సప్‌డీఎం. ఏఈలో ఒక ఘటనకు ఒక వరుస ఉంటుంది. సప్‌లో ఒక అదనపు సమాధానానికి ఒక వరుస ఉంటుంది. ఎన్ని కొత్త ప్రశ్నలు వచ్చినా ఇందులో వరుసలు పెరుగుతాయే తప్ప కాలమ్‌లు పెరగవు. ఎప్పుడూ అవే పది.

104వ నంబరు వ్యక్తికి మూడో ఘటనగా తల తిరగడం నమోదైంది. ఆ రోజు ఆయనది సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ. సప్ఏఈలో వరుస ఇలా ఉంటుంది:

స్టడీఐడీ: అధ్యయనం గుర్తింపు
ఆర్‌డొమైన్: ఏఈ
యూసబ్జ్‌ఐడీ: 104వ వ్యక్తి పూర్తి గుర్తింపు
ఐడీవార్: ఏఈసీక్
ఐడీవార్‌వాల్: 3
క్యూనామ్: ఏఈషిఫ్ట్
క్యూలేబుల్: ఘటన మొదలైన రోజు షిఫ్టు
క్యూవాల్: సి
క్యూఆరిజ్: సీఆర్ఎఫ్
క్యూఈవాల్: ఖాళీ

అసలు ఫైలులో ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. మొదటి అయిదు గడులు ఈ సమాధానం ఎవరిది, మాతృ డేటాసెట్‌లో ఏ వరుసకు చెందింది అన్నది చెబుతాయి. ఏఈసీక్ అంటే ఆ వ్యక్తి ఘటనల క్రమసంఖ్య. తర్వాతి మూడు గడుల్లో ప్రశ్న పేరు, దాని వివరణ, జవాబు ఉంటాయి. చివరి రెంటిలో మొదటిది జవాబు ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. రెండోది, జవాబు ఎవరైనా తన అభిప్రాయంగా నిర్ణయించినదైతేనే నింపాలి. షిఫ్టు అభిప్రాయం కాదు కాబట్టి ఇక్కడ ఖాళీ.

క్యూనామ్ ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు, అంకెతో మొదలు కాకూడదు. ఏఈషిఫ్ట్ ఇంగ్లీషులో ఏడక్షరాలు, సరిపోయింది. క్యూలేబుల్ 40 అక్షరాల లోపు, క్యూవాల్ 200 లోపు ఉండాలి. ఈ 8, 40, 200 వైద్యం కోసం పెట్టినవి కావు. డేటాను పంపే, శాస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌కు చెందిన ట్రాన్స్‌పోర్ట్ ఐదో వెర్షన్ ఫైలులో అంతకుమించి పట్టదు. పాత ఫైలు పరిమితులే మన నియమాలైపోయాయి. ఇది నాకు నచ్చని సంగతే, కానీ పాటించక తప్పదు. ఘటన వర్ణన 200 దాటితే మొదటి 200 లోపు భాగాన్ని ఏఈలోని వర్ణన కాలమ్ ఏఈటర్మ్‌లోనే ఉంచి, మిగిలింది సప్ఏఈలో ఏఈటర్మ్1, ఏఈటర్మ్2 అనే పేర్లతో పెడతాం. మాట మధ్యలో విరవకుండా రెండు మాటల నడుమ విరవాలి.

సప్‌డీఎంలో ఐడీవార్, ఐడీవార్‌వాల్ రెండూ ఖాళీగా వదిలేస్తాం. డీఎంలో మనిషికి ఒకే వరుస కాబట్టి మనిషి గుర్తింపు చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కొత్తగా చేరినవాళ్లు కాలమ్ కనబడకపోతే చాలు, సమాధానాన్ని సప్‌లోకి అటకెక్కించేస్తారు. ఎక్కించేముందు ఆగి చూడాలి. మన పత్రంలోనే మిగిలిన మరికొన్ని ప్రశ్నలు తీసుకోండి.

మాత్ర మోతాదు ఎందుకు తగ్గించారు? దీనికి మందు వాడకం వివరాల డేటాసెట్ ఈఎక్స్‌లో ఈఎక్స్ఏడీజే అనే ప్రామాణిక కాలమ్ ఉంది. ప్రమాణాన్ని చివరిదాకా చదవనివాళ్లే దీన్ని సప్‌లో పెడతారు. వృత్తి ఏమిటి? అది మనిషి లక్షణం, దానికి ఎస్‌సీ డేటాసెట్ ఉంది. వైద్యుడు పత్రం అంచున స్వేచ్ఛగా రాసిన వ్యాఖ్య? అది సీఓ అనే వ్యాఖ్యల డేటాసెట్‌కు వెళ్తుంది.

నిన్న రాత్రి ఎండుచేపలు తిన్నారా? ఇది కాస్త ఆలోచింపజేసేది. ఉప్పు, రక్తపోటు ఒకేచోట గుర్తొస్తాయి కాబట్టి చాలామంది దీన్ని రక్తపోటు కొలతకు విశేషణంగా, రక్తపోటు లాంటి కొలతలుండే వీఎస్ డేటాసెట్‌కు అనుబంధమైన సప్‌వీఎస్‌లో పెడతారు. కానీ ఎండుచేపలు తినడానికి దాని తేదీ, దాని పరిమాణం విడిగా ఉన్నాయి. ఆ రోజు రక్తపోటు కొలవకపోయినా ఆయన తిన్న మాట నిజమే. తన కాళ్లమీద నిలబడగల సంగతిని మరో వరుసకు తోకగా కట్టకూడదు. దాని చోటు భోజన వివరాల ఎంఎల్ డేటాసెట్. అదే పరీక్ష షిఫ్టుకు పెట్టి చూడండి: తల తిరగడం అనే ఘటన తీసేస్తే "సి" అన్న జవాబుకు అర్థమే మిగలదు. మనం అడిగింది ఆ ఘటన రోజు షిఫ్టునే కదా. అందుకే అది సప్ఏఈలోకి వెళ్లాల్సిందే.

ఇక శాస్ ప్రోగ్రాములో దెబ్బతినే చోట్లు. ఏఈసీక్ సంఖ్య, ఐడీవార్‌వాల్ మాత్రం అక్షరరూపం. సంఖ్యను పుట్ ఫంక్షన్‌తో మార్చినప్పుడు 3కు ముందు ఖాళీలు వచ్చి చేరతాయి. కంటికి 3 లాగే కనిపిస్తుంది, పోల్చితే కలవదు. స్ట్రిప్ ఫంక్షన్‌తో ఆ ఖాళీలు తీసేయండి. తిరిగి ఏఈతో కలిపేటప్పుడు సప్ఏఈని ప్రాక్ ట్రాన్స్‌పోజ్‌తో అడ్డంగా తిప్పి, ఐడీవార్‌వాల్‌ను ఇన్‌పుట్‌తో సంఖ్యగా మార్చి, మనిషి గుర్తింపు, ఏఈసీక్ రెండింటి మీదా కలపండి. షిఫ్టు రాయనివారికి సప్ఏఈలో వరుసే ఉండకూడదు, ఖాళీ క్యూవాల్‌తో వరుస పెట్టడం తప్పు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది క్రమసంఖ్యల మార్పు. సప్ఏఈ కట్టేశాక కొత్త డేటా వచ్చిందనుకోండి. 104వ వ్యక్తికి రెండో ఘటనకూ తల తిరగడానికీ మధ్య తేదీలో దగ్గు నమోదైంది. ఏఈని మళ్లీ నడిపితే ఏఈసీక్ మళ్లీ లెక్కవేస్తుంది. తల తిరగడం నాలుగో ఘటనకు జరిగి, మూడోది దగ్గు అవుతుంది. సప్ఏఈ పాతదే ఉంటే రాత్రి డ్యూటీ వెళ్లి దగ్గుకు అంటుకుంటుంది. పినాకిల్ 21 లాంటి తనిఖీ సాధనం మాతృ వరుస లేని సప్ వరుసలను పట్టుకుంటుంది. కానీ ఇక్కడ మూడో వరుస ఉంది కాబట్టి దానికి తప్పేమీ కనిపించదు. కాబట్టి ఏఈసీక్ వేసిన ప్రోగ్రాములోనే, అదే నడకలో, అదే మూల డేటాసెట్ నుంచి సప్ఏఈని కూడా రాయండి. రెండు ఫైళ్లు రెండు తేదీలవి అయితే పంపకండి. పంపేముందు కొన్ని వరుసలను కేసు పత్రంతో చేత్తో పోల్చి చూడటం పాతకాలపు పద్ధతే అయినా, ఈ తప్పును పట్టేది అదే.

అభ్యాసం. ఈ మూడింటికి చోటు చెప్పండి, కారణం ఒక వాక్యంలో రాయండి. ఒకటి, రక్తపోటు కొలిచినప్పుడు కూర్చున్నారా, నిలబడ్డారా. రెండు, ఆ రోజు రక్తపోటు ఎందుకు కొలవలేదు. మూడు, 260 అక్షరాల ఘటన వర్ణన. మూడింటిలో ఒక్కటే సప్‌కు వెళ్తుంది, అది కూడా కొంత భాగమే. జవాబులతో, డేటాసెట్‌ల కాలమ్‌లను వివరించే డిఫైన్ ఫైలులో క్యూవాల్‌కు వివరాలు ఎలా రాయాలన్న పాఠంతో 8వ భాగం మొదలవుతుంది.