రెండు యాప్‌లలో ఒకే స్టాక్, రెండు రంగుల క్యాండిల్

మొన్న మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నా యాప్‌లో గంట క్యాండిల్ రెడ్, నీ దాంట్లో గ్రీన్ అంటున్నావు. ఎవరిది తప్పు?" ఎవరిదీ కాదు. క్యాండిల్ అంటే చార్టులో ఒక నిర్ణీత సమయపు ధర కదలికను చూపే కడ్డీ. మొదలైన ధర కన్నా పైన ముగిస్తే గ్రీన్, కింద ముగిస్తే రెడ్.

సమస్య: గంట క్యాండిల్ రంగు కలవడం లేదు

కారణం: ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్)లో ట్రేడింగ్ 9:15 నుంచి 3:30 వరకు, అంటే 375 నిమిషాలు. ఆరు గంటలు పోగా పావుగంట మిగులుతుంది. కొన్ని చార్టులు 9:15 నుంచి 10:15 దాకా మొదటి క్యాండిల్ గీస్తాయి. వాటిలో 3:15కి మొదలయ్యే చివరిది పావుగంట క్యాండిలే. ఇంకొన్ని గడియారంలో గంటను పట్టుకుంటాయి. వాటిలో మొదటిది 10:00కే ముగుస్తుంది, 45 నిమిషాలే. స్టాక్ 500 దగ్గర ఓపెనై 10:00కి 503, 10:15కి 498 ఉందనుకోండి. మొదటి రకంలో రెడ్, రెండో రకంలో గ్రీన్. మావాడి గొడవ సరిగ్గా ఇదే.

పరిష్కారం: క్యాండిల్ మీద వేలు పెట్టి టైమ్ చూడండి. తర్వాత రెండింట్లోనూ 15 నిమిషాల చార్టు పెట్టండి, కలుస్తాయి. 30 నిమిషాలకు మాత్రం ఇదే తలనొప్పి. నేనైతే 75 నిమిషాలు వాడతాను, రోజుకు సరిగ్గా ఐదు వస్తాయి.

సమస్య: చివరి నిమిషం ధర ఒకటి, డైలీ క్లోజ్ ఇంకొకటి

చాలా ఏళ్ళుగా ఎన్‌ఎస్‌ఈలో క్లోజింగ్ ధర అంటే చివరి ట్రేడ్ ధర కాదు, చివరి అరగంట ట్రేడ్ల సగటు. ఎక్కువ షేర్లు చేతులు మారిన ధరకు ఆ లెక్కలో ఎక్కువ బరువు. కొన్ని యాప్‌లు చివరి ట్రేడ్ ధరనే క్లోజ్‌గా ఉంచేస్తాయి. సాయంత్రం వచ్చే భావ్‌కాపీతో (ఎక్స్‌ఛేంజ్ ఇచ్చే ఆ రోజు ధరల జాబితా) పోల్చుకోండి.

సమస్య: మొదటి క్యాండిల్ 3:45కి కనిపిస్తోంది

చార్టు యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. డాలస్‌లో ఉన్నవాళ్ళకు లోకల్ టైమ్ పెడితే చలికాలంలో ముందురోజు రాత్రి 9:45, వేసవిలో 10:45 అని చూపిస్తుంది. టైమ్‌జోన్ కోల్‌కతాకు (భారత సమయం) మార్చండి.

సమస్య: పాత ధరలు ఒకచోట సగమే ఉన్నాయి

1:1 బోనస్ (ఉన్న ప్రతి షేరుకు ఇంకోటి ఉచితం) లేదా స్ప్లిట్ (ఒక షేరును రెండుగా విడగొట్టడం) జరిగి ఉంటుంది. ఒక చార్టు పాత ధరలను సర్దింది, రెండోది సర్దలేదు. సెట్టింగ్స్‌లో అడ్జస్ట్‌మెంట్ చూడండి. పైసల్లో తేడా ఉంటే ఒకటి బీఎస్‌ఈ (ముంబైలోని ఇంకో ఎక్స్‌ఛేంజ్) చార్టేమో ముందు చూసుకోండి.

సమస్య: చార్టులో ఆ లో (కనిష్ఠ ధర) లేదు, నా స్టాప్‌లాస్ మాత్రం హిట్ అయింది

అసలు టెన్షన్ ఇక్కడే. స్టాప్‌లాస్ అంటే ధర ఇంతకు పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డర్. చాలా యాప్‌లకు ప్రతి ట్రేడూ రాదు, ఉండుండి ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణపు ధర) వస్తుంది. రెండు స్నాప్‌షాట్ల మధ్య ధర కిందకి పోయి వచ్చేస్తే క్యాండిల్‌కు ఆ సంగతే తెలియదు. నెట్ తెగినా అంతే. ముందు చార్టు రీలోడ్ చేయండి. అప్పటికీ కనబడకపోతే కాంట్రాక్ట్ నోట్‌లో (బ్రోకర్ పంపే ట్రేడ్ల బిల్లు) ట్రేడ్ నంబరు, టైమ్ చూసి, ఎన్‌ఎస్‌ఈ సైట్‌లోని ట్రేడ్ వెరిఫికేషన్‌లో సరిచూడండి. అక్కడా దొరక్కపోతే అప్పుడు బ్రోకర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, చార్టు స్క్రీన్‌షాట్‌తో కాదు, ట్రేడ్ నంబరుతో.