పీజీ థీసిస్‌కి సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్: నంబర్ వచ్చాకే మొదటి పేషెంట్

మొన్న ఒక జూనియర్ ఏడుస్తూ ఫోన్ చేసింది. హెర్నియా ఆపరేషన్‌లో రెండు పద్ధతుల్ని పోల్చే థీసిస్, 40 మంది పేషెంట్లు అయిపోయాక సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా, పేషెంట్ల మీద చేసే ట్రయల్స్‌ని ముందే నమోదు చేసే సైట్) రిజిస్ట్రేషన్ సంగతి గుర్తొచ్చిందట, ఎవరో ఏజెంటు పాత డేట్‌తో చేయిస్తానని 12 వేలు తీసుకుని మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. ఇలాంటివి విని విని ఇక రాసేద్దామనిపించింది.

దీనికి ఫీజు లేదండీ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళది, 2007 నుంచి ఉంది, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. పాత డేట్ అనేదీ లేదు, 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందు వచ్చిన ట్రయల్స్‌నే తీసుకుంటున్నారు. ఎవరైనా చేయిస్తామంటే డబ్బులివ్వకండి.

సైట్‌లో లాగిన్ చేసుకోవడం, టైటిల్, గైడ్ పేరు, హాస్పిటల్, ఎంతమంది పేషెంట్లు, ఇవన్నీ మీకు తెలిసినవే, ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. ఎథిక్స్ కమిటీ అప్రూవల్ లెటర్ స్కాన్ చేసి పెట్టాలి, అందులో టైటిల్, ఫారంలో టైటిల్ ఒక్కటే ఉండేలా చూసుకోండి. రెండు హాస్పిటల్స్‌లో చేస్తుంటే రెండింటి లెటర్లూ కావాలి.

అందరూ దెబ్బతినేది ఇక్కడ. సబ్మిట్ కొట్టగానే రెఫ్ అని మొదలయ్యే నంబర్ ఒకటి వస్తుంది, హమ్మయ్య అయిపోయిందనుకుని మర్నాడే కేసులు మొదలుపెట్టేస్తారు. అది రిజిస్ట్రేషన్ కాదు, అప్లికేషన్ అందిందని చెప్పే నంబర్ అంతే. వాళ్ళు చదివి డౌట్లు అడుగుతారు, మీరు జవాబివ్వాలి, మళ్ళీ చూస్తారు, అప్పుడు గానీ సీటీఆర్ఐ అని మొదలై సంవత్సరం, నెల ఉన్న అసలు నంబర్ రాదు. ఈలోగా మీరు ఫారంలో రాసిన మొదటి పేషెంట్ తేదీ దాటిపోతే చిక్కే, అందుకే ఆ తేదీ కాస్త దూరంగా పెట్టుకోండి. మెయిల్ రోజూ చూడండి, చాలామంది అప్లికేషన్లు జవాబివ్వకే ఆగిపోతాయి.

ఇంకోటి, ప్రైమరీ అవుట్‌కమ్, అంటే మీ స్టడీ ముఖ్యంగా కొలవబోయే ఫలితం. "నొప్పి, కాంప్లికేషన్లు" అని రాస్తే చాలదు, ఏది, దేంతో కొలుస్తారు, ఎన్నో రోజున అన్నది ఉండాలి. మెష్ (వల) పెట్టిన హెర్నియాకి ఇన్ఫెక్షన్ 90 రోజుల వరకూ చూడాలి, డిశ్చార్జ్ రోజు గాయం బాగుందని ఆపేస్తే ఆ పద్ధతి సేఫ్ అని ఎలా చెప్తాం? ముందే రాయించుకునేది కూడా ఇందుకే, రిజల్ట్ చూశాక నచ్చిన అవుట్‌కమ్‌ని ముందుకు తెచ్చుకోకుండా. తర్వాత మార్చొచ్చు గానీ మార్చినట్టు అక్కడ కనిపిస్తుంది.

ఇప్పటికే కేసులు మొదలుపెట్టేసినవాళ్ళు తేదీ మాత్రం అబద్ధం రాయకండి, కేస్ షీట్లలో ఆపరేషన్ తేదీలు ఉంటాయి కదా. భయపడకుండా గైడ్‌కీ ఎథిక్స్ కమిటీకీ ఉన్నదున్నట్టు చెప్పండి, రిజిస్టర్ చేయలేదని థీసిస్‌లోనే రాయండి. ఆ అమ్మాయికీ ఇదే చెప్పా, సోమవారం గైడ్‌ని కలుస్తానంది.