లొంగుబాటు తర్వాత పునరావాసం: విజయవాడ, గుంటూరు వాళ్లకు దరఖాస్తు విధానం

మావోయిస్టు పార్టీలోంచి బయటికొచ్చినవాళ్ల ఇంట్లో మొదట వచ్చే మాట, రివార్డు డబ్బు ఎప్పుడు చేతికొస్తుందని. నన్నడిగితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది పేరు. ఇంట్లో పెట్టిన పేరొకటి, దళంలో పిలిచిన పేరొకటి, ఎఫ్‌ఐఆర్‌లో స్టేషన్ రైటర్ రాసుకున్నది ఇంకొకటి. ఈ మూడూ ఒక్క మనిషివేనని కాగితం మీద తేలేదాకా ఫైలు కదలదు.

ఎక్కడికి వెళ్లాలి?

విజయవాడలో అయితే పోలీసు కమిషనర్, గుంటూరులో ఎస్పీ. కలెక్టర్ ముందు కూడా లొంగిపోవచ్చు. ఒంటరిగా పోకుండా లాయర్నో, నమ్మకమైన బంధువునో వెంటబెట్టుకుని వెళ్లడం మంచిది. ఒక్కటి గుర్తుంచుకోండి, అరెస్టు వేరు, లొంగుబాటు వేరు. 2025 నవంబరులో కానూరు ఆటోనగర్ ప్రాంతంలో పోలీసులకు దొరికినవాళ్లది అరెస్టు. ఈ పునరావాస పథకం తమంతట తాము వచ్చి లొంగిపోయినవాళ్లకు. అందుకని లొంగుబాటు తేదీ, పార్టీలో హోదా, అప్పగించిన ఆయుధం వివరాలున్న కాగితం నకలు ఆ రోజే అడగండి. హోదా రాసేటప్పుడు పక్కనే ఉండి చూసుకోండి. ఏరియా కమిటీ అనాల్సిన చోట దళ సభ్యుడని రాస్తే వచ్చే మొత్తమే మారిపోతుంది.

డబ్బు సంగతి

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పైస్థాయి వాళ్లకు 5 లక్షలు, మిగతా వాళ్లకు 2.5 లక్షలు. ఆయుధం అప్పగిస్తే దానికి విడిగా ఇస్తారు. మన రాష్ట్రంలో తలమీద ప్రకటించిన రివార్డును లొంగిపోయిన మనిషికే ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. కేంద్రం గ్రాంటు మాత్రం నోట్లకట్టగా రాదు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తారు, 3 ఏళ్లు నడవడిక బాగుంటే తీసుకోవచ్చు. ఈలోగా ఆటో కొనాలన్నా, ఆటోనగర్‌లో చిన్న వెల్డింగు షాపు పెట్టుకోవాలన్నా ఆ డిపాజిట్టు హామీగా పెట్టి లోనుకు వెళ్లొచ్చు. పని నేర్చుకుంటున్నన్నాళ్లూ, గరిష్ఠంగా 36 నెలలు, స్టైపెండ్ వస్తుంది. ఉద్యోగం దొరికితే ఆగిపోతుంది.

పేరు, సంతకం

నేను ఒకాయనకు దరఖాస్తు నింపి పెట్టాను. సంతకం చెయ్యమంటే పెన్ను పట్టుకుని దళం పేరులోని మొదటి అక్షరం రాసేశాడు. చూసుకుని కొట్టేసి పక్కన అసలు పేరు పెట్టాడు. పాతికేళ్ల అలవాటు మరి. ఆ కొట్టివేత చూసి బ్యాంకువాళ్లు ఫారం వెనక్కి పంపారు. నాలుగు రోజులు తెల్లకాగితం మీద సంతకం దిద్ది, అప్పుడు మళ్లీ వెళ్లాడు.

చదివిన బడి నుంచి టీసీ గానీ, రిజిస్టరు నకలు గానీ తెచ్చుకోండి. దాంతో ‘ఫలానా అలియాస్ ఫలానా, ఇద్దరూ ఒకరే’ అని నోటరీ అఫిడవిట్ చేయించండి. ఆధార్ లేకపోతే వార్డు సచివాలయంలో కనుక్కోండి. 18 ఏళ్లు దాటినవాళ్లకు కొత్తగా ఆధార్ అంటే వెరిఫికేషన్ ఉంటుంది, ఆలస్యమవుతుంది, టెన్షన్ పడొద్దు. రేషన్ కార్డులో పేరు చేర్పించడం ఆధార్ వచ్చాకే. ఓటుకు ఫారం 6 ఇవ్వడానికి మాత్రం ఆధార్ తప్పనిసరి కాదు.

కేసులు

లొంగిపోతే కేసులు వాటంతటవే పోతాయని ఎవరన్నా చెబితే నమ్మకండి. పెద్ద నేరాల కేసులు కోర్టులో నడుస్తాయి. చిన్నవాటికి ప్లీ బార్గెయినింగ్‌కు, అంటే తప్పు ఒప్పుకుని తక్కువ శిక్షతో కేసు తేల్చుకోవడానికి అవకాశం ఉంది. అసలు చిక్కు పాత కేసులతో. మనిషి దొరకలేదని కోర్టులు కొన్నింటిని ఎల్‌పీసీ కింద, అంటే లాంగ్ పెండింగ్‌లో పెట్టేస్తాయి. నాన్ బెయిలబుల్ వారెంటు మాత్రం అలాగే ఉంటుంది. లొంగిపోయి హాయిగా ఉన్నాననుకున్న మనిషిని ఏ మాచర్ల కేసులోనో మళ్లీ తీసుకెళ్లొచ్చు. ఏ స్టేషన్లో ఏ నంబరు కేసుందో మొత్తం జాబితా రాతపూర్వకంగా అడగండి. తర్వాత ఒక్కో కోర్టులో వారెంట్ రీకాల్ పిటిషన్, అంటే వారెంటు వెనక్కి తీసుకోమనే పిటిషన్ వెయ్యాలి.

లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ను ఇస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు.

ఫైలు ఎక్కడన్నా ఆగిందనిపిస్తే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. లొంగుబాటు కాగితం నకలు దానికి జతచేయండి, అసలుది మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. అర్జీ నంబరున్న రసీదు చేతికొచ్చాకే బయటికి రండి.