మీ గోడలోకి వచ్చే ఇటుకలో వెట్టి ఉందా? పట్టుకోవడం, సరిచేయడం

ఇది బిల్డర్లకు, సైటు ఇంజినీర్లకు, పర్చేజ్ చూసేవాళ్లకు. సొంతిల్లు కట్టుకుంటూ రెండు లోడ్లు దించుకునేవాళ్లకూ పనికొస్తుంది.

తెలంగాణలో పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి వైపు ఇటుక బట్టీల్లో పని చేసేవాళ్లలో చాలామంది పశ్చిమ ఒడిశా వాళ్లు. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాలు. అక్కడ నువాఖాయి (కొత్త పంట) పండగ అయ్యాక సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే ఏజెంట్లు, ఊళ్లలో అడ్వాన్సులు పంచుతారు. కాంటాబంజి స్టేషన్లో రైలెక్కించి తెస్తారు. వానలు మొదలయ్యేదాకా ఆ కుటుంబాలకు బట్టీయే ఊరు. వలస రావడం తప్పు కాదు, అడ్వాన్సు తీసుకోవడమూ తప్పు కాదు. అది తీరేదాకా కదలడానికి వీల్లేకపోతే మాత్రం వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం.

లక్షణం: "నీ లెక్క ఎంతయింది?" అని అడిగితే కూలీ గుమాస్తా వైపు చూస్తాడు

రేటు అడిగితే ఓనరు వెయ్యికి ఇంతని ఠక్కున చెబుతాడు. కూలీ మాత్రం "సీజన్ అయ్యాక చెప్తారు" అంటాడు. నేను చూసిన ఒక బట్టీలో గుమాస్తా దగ్గర ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఉంది. ఒక పేజీలో పథూరియా పేరు, అడ్వాన్సు. పథూరియా అంటే మొగుడూ పెళ్లాం, ఒకరిద్దరు పిల్లలూ కలిసిన జట్టు. ఎదురు పేజీలో వారం వారం ఇచ్చిన ఖురాకీ (తిండి ఖర్చు), మందుల ఖర్చు. చేసిన ఇటుకల లెక్క వేరే పుస్తకంలో. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించమని అడిగే ధైర్యం ఏ కుటుంబానికీ లేదు. పథూరియా అంటే మొగుడూ పెళ్లాం, ఒకరిద్దరు పిల్లలూ కలిసిన జట్టు. బట్టీలో లెక్క జట్లకే, మనుషులకు కాదు.

కారణం: కూడికలు వేస్తే తెలుస్తుంది. ఒక కుటుంబం 60,000 తీసుకుందనుకోండి, వెయ్యి ఇటుకలకు 600 రేటు అనుకోండి. అప్పు తీరాలంటే లక్ష ఇటుకలు చేయాలి. ఇటుక ఒక్కటి సుమారు మూడు కిలోలు, అంటే మూడు వందల టన్నుల మట్టి. రోజుకు వెయ్యి చొప్పున నూరు రోజులు. ఆ నూరు రోజులూ తిండి కావాలి కదా! వారానికి వెయ్యి ఖురాకీ ఇచ్చినా ఇంకో 14,000 అప్పులోకి ఎక్కుతుంది, దానికి మరో 23 రోజులు. జ్వరం వచ్చినా, అకాల వానకు పచ్చి ఇటుక కరిగిపోయినా ఆ నష్టమూ వాళ్ల పద్దులోకే.

పరిష్కారం: ఆర్డరు కాగితంలోనే షరతు రాయండి. ప్రతి కుటుంబం చేతిలో ఒడియాలో రాసిన చిన్న పుస్తకం ఉండాలి. అడ్వాన్సు, ఇటుకలు, ఖర్చు, మిగులు, ఈ నాలుగు గడులు చాలు. పదిహేను రోజులకోసారి నింపాలి. లెక్క ఎప్పుడూ మగాడి పేరు మీదే ఉంటుంది, ఆడమనిషి కూలీ ఎక్కడా కనిపించదు. అందుకని కనీస వేతనం సరిచూసేటప్పుడు రోజు సంపాదనను ఇద్దరితో భాగించండి. పై లెక్కలో రోజుకు 600 అంటే తలకు 300 మాత్రమే. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమేనని 1982లోనే ఏషియాడ్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లక్షణం: సంతకు మగాడొక్కడే వస్తాడు

భార్యాపిల్లలు బట్టీలోనే ఉంటారు. కుటుంబమంతా కలిసి గేటు దాటితే తిరిగి రారని ఓనరు భయం. ఆధార్ కార్డులు, ఫోన్లు ఆఫీసు గదిలో ఉంటే ఇదీ ఆ కోవలోదే. కార్డులు ఇచ్చేయమని అడగండి. "పోగొట్టుకుంటారని దాచాం" అంటారు. ఈ జవాబు నాకు ప్రతిచోటా వినబడింది.

లక్షణం: ఎండలో పిల్లలు ఇటుకలు తిరగేస్తున్నారు

పచ్చి ఇటుకల మీద తిరిగేటప్పుడు పిల్లల బరువుకు అవి చెడవు, అందుకే వాళ్లను దించుతారు. దీని మూలం కూడా ఇటుకకింతని ఇచ్చే రేటే, నలుగురు చేస్తే గానీ గిట్టదు. పిల్లల్ని తిట్టి పంపేస్తే మరునాడు తెల్లవారుజామున మళ్లీ అక్కడే ఉంటారు. రేటు పెంచాలి, ఒడియా చెప్పే బడి బట్టీ దగ్గరే పెట్టించాలి. తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఇలాంటి బడులు నడిచాయి.

లక్షణం: ఫైలు మరీ శుభ్రంగా ఉంది

ఆరు నెలల హాజరు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఉంటే అది మీ కోసం నిన్న రాత్రి రాసింది. చెప్పకుండా వెళ్లండి, ఒడియా వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి. బ్రిటన్ 2015 ఆధునిక బానిసత్వ చట్టం కోసం ఏటా బానిసత్వ నివారణ ప్రకటన రాసే కంపెనీలు కూడా తమ షెడ్డుకు వాడిన ఇటుక ఎక్కడిదని అడగడం నేను చూడలేదు.

లక్షణం: ఇటుక మరీ చవగ్గా వస్తోంది, ఆగస్టులోనే డబ్బు అడుగుతున్నారు

కారణం మీరే. కాస్త కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి. మీరు బట్టీ ఓనరుకు ఇచ్చే అడ్వాన్సే సర్దారుకు, సర్దారు నుంచి ఆ ఇంటికి చేరుతుంది. రేటు పిండి, బిల్లు మూడు నెలలు ఆపితే, ఓనరు ఆ కొరతను కూలీ దగ్గరే పూడ్చుకుంటాడు. ఆఖరి బిల్లులో కొంత భాగాన్ని కూలీల లెక్క తేలేదాకా ఆపుతామని ముందే రాసుకోండి, మిగతాది మాత్రం గడువులోగా ఇచ్చేయండి. సర్దారు కమిషన్ ఓనరే భరించాలి, కూలీ పద్దులో వేయకూడదు.

వెట్టి నిజంగానే కనబడితే

ముందు ఓనరుతో గొడవ పడకండి, రాత్రికి రాత్రి కుటుంబాలను వేరే బట్టీకి తరలిస్తారు. ఆర్డరు రద్దు చేసుకుని మీ దారి మీరు చూసుకున్నా నష్టం కూలీకే, సీజన్ డబ్బు మొత్తం ఎగిరిపోతుంది. అడ్వాన్సు తగాదా ఎక్కడిదాకా పోతుందో తెలియాలంటే 2013 డిసెంబరు సంగతి చాలు, కలహండి కూలీలిద్దరి కుడిచేతులు నరికేశారు. జిల్లా కలెక్టరుకు గానీ ఆర్డీవోకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే 112కు, పిల్లలుంటే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

వెట్టి అప్పు చట్టప్రకారం రద్దయిపోతుంది, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. అధికారులు వచ్చి అందరినీ రైలెక్కించేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అలా కాదు. వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులు ఇచ్చే విడుదల పత్రం లేకపోతే పునరావాస పథకం డబ్బు రాదు. అది ఒక్కొక్కరి పేరు మీద, ఆడవాళ్ల పేరు మీద కూడా, స్టేషన్‌కు బయల్దేరకముందే చేతికి అందిందో లేదో చూసుకోండి.