వ్యాకరణంలో వెనుకబడిన చిన్నారులకు ఛాత్రోపాధ్యాయులు ఎలా సాయపడాలి?

డీఎల్‌ఎడ్ (ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా) చదువుతూ ఇంటర్న్‌షిప్‌కు బడికి వెళ్లినవారికి తరగతి ఉపాధ్యాయులు తరచుగా అప్పగించే పని ఒకటుంది: "ఈ నలుగురికి తెలుగు రాయడం రావడం లేదు, కాస్త చూడండి." వెంటనే నామవాచకం, సర్వనామం అంటూ నల్లబల్ల మీద నిర్వచనాలు రాస్తే ఆ పిల్లలు మరింత ముడుచుకుపోతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డకు మూడో తరగతికి వచ్చేసరికి వ్యాకరణం చాలావరకు నోటికి వచ్చే ఉంటుంది. దాన్ని రాతలోకి దింపడమే మీ పని.

1. ముందు రాయించండి

ఆదివారం ఏం చేశారో, ఊళ్లో ఏముందో నాలుగు వాక్యాలు రాయమనండి. మధ్యలో దిద్దకండి. ఇలాంటి రాత వచ్చిందనుకుందాం:

"మా ఊరులో చెరువు ఉంది. చెరువులో చేపలు ఉంది. మా తాతయ చేపలు పట్టాయి. నేను అమ్మ బజారు వెళ్లాను."

చూడగానే ఆరు తప్పులు కనిపిస్తాయి. విడదీసి చూస్తే బరువు తగ్గుతుంది. 'తాతయ'లో ఒత్తు పోయింది, అది అక్షరదోషం. దాన్ని పక్కన పెట్టండి. 'చేపలు ఉంది', 'తాతయ పట్టాయి', 'నేను అమ్మ వెళ్లాను' మూడూ ఒకే కోవకు చెందినవి: కర్తకు, క్రియకు పొసగలేదు. 'ఊరులో', 'బజారు' విభక్తికి సంబంధించినవి. అంటే ఈ బిడ్డకు నేర్పవలసినవి రెండే.

2. ఇంటి మాటను తప్పు అనకండి

తన ప్రాంతంలో అందరూ వాడే క్రియారూపాన్నే బిడ్డ రాస్తే అది తెలియనితనం కాదు. నోటుపుస్తకంలో రెండు వరుసలు గీసి 'ఇంట్లో అనేది', 'పుస్తకంలో రాసేది' అని పక్కపక్కన రాయించండి. ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఉర్దూలో వస్తువులకూ స్త్రీ పురుష భేదం ఉంటుంది. ఇల్లు పుంలింగం, పుస్తకం స్త్రీలింగం. ఆ ఇంటి బిడ్డ 'ఇల్లు పడిపోయాడు' అంటే నవ్వకండి, ఇతరులను నవ్వనివ్వకండి.

3. వారానికి ఒక్కటే

రోజూ పదిహేను నిమిషాలు చాలు. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు వంటి కార్యక్రమాలు చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెడతాయి కాబట్టి ఆ సమయంలోనే కాస్త అడిగి తీసుకోండి.

కర్త, క్రియల పొందికకు అట్టముక్కలు చేయండి. ఒక కట్టలో రవి, అమ్మాయి, ఆవు, అమ్మాయిలు, ఆవులు. ఇంకో కట్టలో వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి. జత కలిపి పైకి చదవాలి. తడబాటు ఎక్కువగా వచ్చే చోటు ఇది: అమ్మాయికీ ఆవుకూ ఏకవచనంలో 'వచ్చింది' ఒకటే, బహువచనంలో మాత్రం అమ్మాయిలు 'వచ్చారు', ఆవులు 'వచ్చాయి'. ఇక్కడ రెండు రోజులు ఎక్కువైనా ఆగండి. 'తాతయ్య వచ్చారు' అని ఎవరైనా అంటే అదీ సరైనదే, మర్యాదతో వచ్చిన బహువచనమని చెప్పండి.

విభక్తులకు ప్రశ్నే మంచి సాధనం. "బడి అయ్యాక ఎక్కడికి వెళ్తావు?" అంటే ఏ బిడ్డా 'ఇల్లుకు' అనదు, 'ఇంటికి' అంటుంది. అలా ఊరు–ఊరికి, కాలు–కాలికి, నోరు–నోటికి నోటితో పలికించి, ఆ వెంటనే రాయించండి. మారని మాటలూ కలపండి: బడికి, చెట్టుకు. ఐదో తరగతి వారైతే ఇకారం తర్వాత 'కి', ఉకారం తర్వాత 'కు' వస్తున్నాయని వాళ్లే పసిగడతారు. ఇంటికి, ఊరికి వంటి మాటల్లో విభక్తికి ముందు వచ్చి చేరే 'టి', 'ఇ'లకున్న ఔపవిభక్తికం అన్న పేరు అప్పుడే అక్కర్లేదు.

4. దిద్దే తీరు

ఆ వారం నేర్పిన తప్పు కిందే గీత గీయండి. పేజీ అంతా ఎర్రబడితే బిడ్డ రాయడమే మానేస్తుంది, అంతకన్నా నష్టం లేదు. తన వాక్యాన్ని తననే పైకి చదవమంటే చాలాసార్లు చెవే తప్పు పట్టుకుంటుంది. పట్టుకోకపోతే మాటల్లోనే సరైన రూపం అందించండి:

"టీచర్, చెరువులో చేపలు ఉంది."
"అవునా! పెద్ద చేపలు ఉన్నాయా, చిన్నవి ఉన్నాయా?"
"పెద్దవి ఉన్నాయి టీచర్."

5. కొత్త రాతలో చూడండి

ఖాళీలు పూరించడంలో మార్కులు వస్తే నేర్చుకున్నట్టు కాదు. తర్వాతి వారం వేరే విషయం మీద నాలుగు వాక్యాలు రాయించి, పాత కాగితం పక్కన పెట్టి బిడ్డకే చూపించండి. ఇంటర్న్‌షిప్ ముగిసే ముందు ఒక్కొక్కరికి ఏది కుదిరింది, ఏది మిగిలింది అన్నది రాసి ఆ కాగితాలతో సహా తరగతి ఉపాధ్యాయులకు అప్పగించండి.